బండి ఆగేదాకా కూచునే మనిషి

సోమవారం నేను ఆదోనికి పోయింది హారను కోసం. ఒకసారి నొక్కితే మోగేది, రెండోసారికి గొంతు పట్టేసేది. ఎమ్మిగనూరులో హారన్లు బాగుచేసేవాళ్ళు లేరని కాదు. కానీ ఆదోనిలోకి అడుగుపెట్టేచోట, రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఉండే మనిషి దగ్గర నాకు బేరమాడాలనిపించదు. పుట్టినప్పటి నుంచి అంగట్లో పెరిగినవాడికి అది తిరుపతి పోయి వచ్చినంత విశ్రాంతి.

షెట్టరు దించి ఉంది. పక్కన పంక్చర్లు వేసే ఆయన ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచుతూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

"పోయినాడప్పా. నాలుగు దినాలాయ."

"ఏమైంది?"

"గుండె. రెండుసార్లు పోయి సూపించుకున్నాడు. డాక్టరు ముందర కూచున్నప్పుడు నొప్పి రాలేదంట. కాయితం మీద గీతలన్నీ బాగుండాయని పంపించేసినారు."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. చావు కబురు విని నవ్వేంత చెడ్డవాణ్ణి కాను. కానీ ఆ మాట వింటే ఆయన ఏమనేవాడో నాకు తెలుసు. "డాక్టరుది తప్పు లేదప్పా. నొప్పి వచ్చేదాకా పక్కన కూచోలేదు, అంతే" అనేవాడు.

ఎందుకంటే ఆయన కూచునేవాడు.

కార్లలో కరెంటు పని ఆయనది. షెడ్డుకు బోర్డు లేదు. స్కూలు పిల్లలు నీళ్ళ సీసా తగిలించుకున్నట్టు కరెంటు చూసే మీటరును మెడలో వేలాడేసుకునేవాడు. చొక్కా ఏదైనా దాని పట్టీ పడేచోట ఒక గీత ఉండేది. మీ బండి పోయి ఆయన ముందు నిలబడితే మొదట బండిని చూడడు, మిమ్మల్నీ చూడడు. "రోగం పేరు సెప్పొద్దు. ఏమైందో సెప్పు" అంటాడు. ఈ రెండింటికీ తేడా తెలియక ఆదోని చుట్టుపక్కల ఎంతమంది అవమానం పాలయ్యారో లెక్కలేదు.

ఆస్పరి నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"అన్నా, సెన్సారు పోయింది. మార్చు."

"యా సెన్సారు?"

ఆయన ఫోను తీసి చూపించాడు. "ఈ వీడియోలో సెప్పినారు. సేమ్ ఇదే కంప్లైంటు."

"ఈ మాట్లాడే ఆయప్ప నీ బండి సూసినాడా?"

"లేదు."

"నేనూ సూడలేదు. ఇద్దరం ఒగటే. నాకన్నా బాగా మాట్లాడతాండాడు, ఆడికే పో."

షెడ్డులో ఒక మూలన పెద్ద రంగు డబ్బా ఉండేది. దాని నిండా పంపులు, సెన్సర్లు, రిలేలు. వేరే మెకానిక్కులు తప్పు వాటిదేనని తీసి పారేయగా, బండివాళ్ళు ఇక్కడికి మోసుకొచ్చినవి. తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటి తీసి, తీగలు తగిలించి చూసేవాడు. బాగుందంటే ఆ డబ్బాలో వేసేవాడు. "తప్పు సెయ్యకుండా ఉద్యోగం పోయినోళ్ళు" అనేవాడు వాటిని. మా బండి పంపు కూడా అందులో చేరింది.

మా బండి సంగతి చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి. అమ్మకు కిడ్నీలు పనిచేయడం మానేశాయి. మంగళవారం, శుక్రవారం ఆదోని ఆసుపత్రిలో నాలుగేసి గంటలు మిషను మీద పడుకోవాలి. మొదట్లో బస్సులో తీసుకుపోయేవాణ్ణి. వచ్చేటప్పుడు ఆమెకు తల నిలబడేది కాదు. ఒకరోజు కోటేకల్ దగ్గర సీట్లోంచి మెల్లగా కిందికి జారిపోయింది. ఆ వారమే కారు కొన్నాను. బదిలీ అయిపోతున్న ఒక బ్యాంకు ఆఫీసరు దగ్గర, పాతది. మూడు సాయంత్రాలు బేరమాడాను. సీటు కవర్లు, కాళ్ళ కింద పట్టలు, ముందు అద్దం దగ్గర పెట్టే సెంటు సీసా కూడా వదల్లేదు. మూడోరోజు ఆయన దండం పెట్టి తాళాలిచ్చాడు. నేను గెలిచాననుకున్నాను.

రెండు నెలలు బాగానే తిరిగింది. తరువాత ఒక ఎండాకాలం మంగళవారం, ఆదోని నుంచి అమ్మను తీసుకొస్తుంటే, ఆరేకల్ దాటాక ఆగింది. కుదుపు లేదు, చప్పుడు లేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మనిషి ఊరుకున్నట్టు ఇంజను ఊరుకుంది. అరగంట తరువాత ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. ఒక మెకానిక్కు ఫిల్టరు మార్చాడు. మళ్ళీ ఆగింది. ఇంకొకతను పంపు మార్చాడు. పాత పంపును నేను పారేయలేదు, మా ఇంట్లో పాతదేదీ పారేయరు. మూడోసారి ఆగినప్పుడు మధ్యాహ్నం రెండు గంటలు. చుట్టూ ఎండిన చేలు, కనుచూపు మేర నీడ లేదు. అమ్మ వెనక సీట్లో, చేతికి కట్టుతో పడుకుని ఉంది. నేను కిటికీకి అడ్డంగా తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

"ఒరే, ఇంకొకసారి ఆగిందంటే నేను ఎక్కను" అంది కళ్ళు తెరవకుండా.

"వేరే బండి చూస్తాలేమ్మా."

"బండి సంగతి కాదు. మిషను కూడా ఎక్కను. ఇంట్లోనే పడుకుంటా. ఎన్ని దినాలుంటే అన్ని దినాలు."

మా ఇంట్లో అందరం బేరమాడతాం. అమ్మ ఒక్కతే ఒకే ధర. నాన్న ఉన్నప్పుడు కూడా ఆయన ఎంత లాగినా ఆమె మాట పైసా దిగింది లేదు. మరుసటిరోజు ఎవరో చెప్తే ఈ రేకుల షెడ్డుకు పోయాను.

పోయేముందు నా జాగ్రత్తలో నేనున్నాను. మా నాన్న నేర్పిన విద్య ఒకటుంది. పని చేయించుకోవడానికి పోయేటప్పుడు సరుకు కనపడకూడదు, రంగు పోయిన చొక్కా వేసుకోవాలి, కలిగినవాడని తెలిస్తే రేటు మారుతుంది. బండి డిక్కీలో రెండు చీరల మూటలుంటే దించేశాను. కార్పెట్టు మీద దారపు పోగులు కూడా ఏరేశాను. అంత శుభ్రంగా ఆ డిక్కీ బ్యాంకు ఆఫీసరు దగ్గర కూడా ఉండి ఉండదు.

ఆయన నేను చెప్పింది విన్నాడు. పెట్రోలు పోసే మూత తీసి, ఆ గొట్టానికి చెవి ఆనించాడు. "తాళం తిప్పు. స్టార్టు సెయ్యొద్దు." తిప్పాను. రెండు క్షణాలు లోపల పంపు ఉమ్మని మూలిగి ఊరుకుంది. "ఊపిరుంది" అన్నాడు. "మంచిగున్న బండిని ఇప్పితే నాకేం కనపడతాది? ఆగితేనే సూస్తా. పద."

దారిలో ఉగ్గాని పొట్లం, మిరపకాయ బజ్జీలు కట్టించుకుని ముందు సీట్లో ఎక్కాడు. మిట్టమధ్యాహ్నం కోటేకల్ దాకా పోయి వచ్చాం. మళ్ళీ పోయాం. నా సరుకు చెడిపోవాలని ఎదుటివాడి ముందు నేను మొక్కుకోవడం అదే మొదటిసారి. బండి మాత్రం ఆ రోజు పోయినంత బాగా ఎప్పుడూ పోలేదు. ఆయన ఉగ్గాని తిన్నాడు, కాసేపు కునుకు తీశాడు, లేచి మీటరు వంక చూసుకున్నాడు. రెండోరోజు కూడా ఇంతే.

"ఆగిందని నిజంగానే సెప్తాండావా సెట్టీ?" అన్నాడు.

"అమ్మతోడు అన్నా."

"యా యా దినాలు ఆగింది?"

"మంగళారం, శుక్రారం. వచ్చేటప్పుడే. అమ్మ ఉన్నప్పుడే."

"అమ్మ బరువెంత?"

"నలభై కూడా ఉండదు."

ఆయన మీటరు పట్టీని మెడ మీద అటూ ఇటూ జరుపుకున్నాడు. "అయితే మంగళారం నేనూ వస్తా."

నిజంగానే వచ్చాడు. షెట్టరు దించి ఆసుపత్రికి వచ్చి, అమ్మ మిషను దిగేదాకా బయట బెంచీ మీద కూచున్నాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మామూలుగా ఆ నాలుగు గంటలూ నేను బెంచీ మీద కూచోను. ఆదోని హోల్‌సేల్ బజారుకు పోయి మా అంగడికి కావలసిన చీరలు, లుంగీలు కట్టించి, డిక్కీలో కుక్కి తెస్తాను. ఖాళీ బండి ముప్పై కిలోమీటర్లు పోవడం చూస్తే మా నాన్న ఆత్మ క్షోభిస్తుంది. కానీ ఆ రోజు మెకానిక్కు కళ్ళ ముందున్నాడు. సరుకు కనపడకూడదు కదా. మూటలు వేయలేదు.

ఆరేకల్ దాటింది. బండి ఆగలేదు. అమ్మ వెనక సీట్లోంచి మెల్లగా అడిగింది.

"ఈ పొద్దు మూటలు వెయ్యలేదేమిరా?"

నేను వినపడనట్టు గేరు మార్చాను. ఆయన వెనక్కి తిరిగాడు.

"ఏం మూటలమ్మా?"

"బట్టల మూటలప్పా. నా నాలుగు గంటలు వీనికి దండగ కాకూడదు కదా. ఎప్పుడూ తెస్తాడు."

"యాడ పెడతాడు?"

"వెనక డిక్కీలో. మోకాలు పెట్టి తొక్కి మరీ కుక్కుతాడు."

ఆయన నా వైపు చూశాడు. తిట్టలేదు. "సెట్టీ, కడుపునొప్పని డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు కడుపును ఇంట్లో పెట్టి పోతావా?"

వెనక సీట్లో అమ్మ నవ్వింది. మిషను మీద పడుకోవడం మొదలయ్యాక అమ్మ నవ్వగా నేను వినలేదు.

అమ్మ ఉన్నప్పుడు బండిని ఆపి చూడడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆమెను ఇంట్లో దింపించాడు. తరువాత మా అంగడికి వచ్చి, ఎప్పుడూ తెచ్చే లెక్కన మూటలు వేయమన్నాడు. "నీ మోకాలు పెట్టే తొక్కు. కొత్తగా ఏం సెయ్యొద్దు" అన్నాడు. మా పక్క అంగళ్ళవాళ్ళు చూస్తుండగా ఎమ్మిగనూరు చీరలను ఆదోనికి ఎగుమతి చేస్తున్నట్టు బయలుదేరాం. కోటేకల్ దాటి నాలుగు కిలోమీటర్లు పోగానే బండి ఊరుకుంది.

ఆయన మొహం పెండ్లికొడుకులా వెలిగింది. "దిగు దిగు. సల్లారకముందే సూడాల."

పెట్రోలు గొట్టానికి చెవి పెట్టాడు. తాళం తిప్పాను. ఈసారి ఊపిరి లేదు. ఫ్యూజు తీసి చూశాడు, బాగుంది. మూటలన్నీ రోడ్డు మీద దించి డిక్కీ కార్పెట్టు ఎత్తాడు. ఎడమ పక్కన, వీపు మీద గాడులున్న అరచేతంత అల్యూమినియం పెట్టె ఒకటి బిగించి ఉంది. వేలు పెట్టి టక్కున తీసేశాడు. "పెట్టి సూడు" అన్నాడు. పెట్టాను. పెనం.

"పెట్రోలు పంపును ఎంత జోరుగా తిప్పాలనో ఇంజను సెప్తాది. ఆ మాట విని తిప్పేది ఈ పెట్టె. పని సేసి సేసి కాగుతాది. ఆ వేడి పోవాలనే ఈపు మీద ఈ గాడులు పెట్టినారు. నువ్వు ఎండాకాలంలో దానికి రగ్గు కప్పి, రగ్గు మీద మూటలేసి, మూటల మీద మోకాలు పెట్టినావు."

మీటరు మెడలోంచి తీశాడు. పెట్టెలోకి కరెంటు వస్తోంది. ఇంజను నుంచి ఆజ్ఞ కూడా వస్తోంది. పంపుకు పోయే తీగలో మాత్రం ఏమీ లేదు. బ్యాటరీ నుంచి రెండు తీగలు లాగి పంపుకు నేరుగా తగిలించాడు. ఉమ్మని మూలిగింది. "పంపు మంచిది. నువ్వు పీకించిన పాతదీ మంచిదే అయ్యుంటాది." తరువాత తువ్వాలు తడిపి, గట్టిగా పిండి, పెట్టె మీద కప్పాడు. ఇద్దరం మూటల మీద కూచున్నాం. పావుగంటకు తాళం తిప్పితే బండి స్టార్టయింది.

నేను లేచి మూటలు ఎత్తబోయాను.

"ఒగసారి అయితే అదృష్టం కావచ్చు" అన్నాడు. "మల్ల ఎక్కించు. మల్ల ఆగాల."

మళ్ళీ ఎక్కించాం. మళ్ళీ ఆగింది. మళ్ళీ తడి తువ్వాలు. అప్పుడుగానీ ఆయన "పెట్టె పోయింది, కాగితే పని మానుకుంటాంది" అని రోగం పేరు నోటితో అనలేదు.

కొత్త పెట్టె హైదరాబాదు నుంచి రావాలి. ధర విని నా చెవులే నాకు అబద్ధం చెప్పాయనుకున్నాను. రాత్రంతా ఫోన్లు చేసి, పాత బండ్లు విప్పి అమ్మే ఒకతన్ని పట్టుకుని, నాలుగో వంతుకు అలాంటిదే తెప్పించాను. దసరాకు కొత్త చొక్కా చూపించే పిల్లవాడిలా ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తీగలు తగిలించేచోట పచ్చగా పట్టిన చిలుమును గోటితో గీకాడు.

"నీళ్ళలో మునిగిన బండిది. ఎయ్యను."

"ఇప్పుడు పని చేస్తోంది కదన్నా. చూడు ఒకసారి."

"ఇయ్యాల సేస్తాది. అమ్మను ఎక్కించుకున్న దినం సెయ్యదు. అమ్మకు రగతం ఎక్కించాల్సి వస్తే సెకండ్‌హ్యాండుది తెస్తావా?"

"రగతం ఎప్పుడూ సెకండ్‌హ్యాండుదే కదన్నా" అన్నాను.

ఆయన ఆగిపోయాడు. ఆయనను మాటతో ఆపగలిగింది ఆ ఒక్కసారే. మీటరు ఊగేలా నవ్వాడు. నవ్వడం అయ్యాక ఆ పెట్టెను నా చొక్కా జేబులో పెట్టి, "కొత్తది తెప్పించు" అన్నాడు.

అది రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజుల్లో మంగళవారాలు రెండు, శుక్రవారం ఒకటి. మూడుసార్లూ ఆయన వచ్చాడు. డిక్కీ ఖాళీ, కార్పెట్టు తీసేశాం. అయినా ఆయన వెనక సీట్లో అమ్మ పక్కన, ఒళ్ళో తడి తువ్వాలున్న గిన్నె పెట్టుకుని కూచున్నాడు. అమ్మకు చెమటలు పడితే అదే తువ్వాలు ఇచ్చాడు. అమ్మ మొహం తుడుచుకుని తిరిగిచ్చింది. దారిపొడుగునా ఇద్దరూ జొన్నరొట్టె పలచగా తట్టాలా మందంగా తట్టాలా అని వాదించుకున్నారు. బండి ఆగలేదు.

కొత్త పెట్టె వచ్చాక బ్యాటరీ తీగ తీసి, పాతది విప్పి, కొత్తది బిగించాడు. కింద వాషర్లు పెట్టి గాలి ఆడేలా కాస్త ఎత్తు చేశాడు. పైన ఇనుప చువ్వలతో చిన్న బోను చేయించి అమర్చాడు. "ఇంక నీ మోకాలు దిగదు" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతుంటే ఆమె అడిగింది.

"ఇంతకీ ఏమైందప్పా బండికి?"

నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

"ముక్క పాతబడిందమ్మా" అన్నాడాయన. "దాని ఆయుస్సు అయిపోయింది."

బయటికి వచ్చి చెప్పులేసుకుంటూ, "ఆయమ్మకు నువ్వే సెప్పుకో" అన్నాడు. సరేనన్నాను. రెండేళ్ళయింది. చెప్పలేదు. ప్రతి మంగళవారం శుక్రవారానికి వాయిదా వేశాను, శుక్రవారం మంగళవారానికి. నా మనస్సాక్షితో నేను చేసినంత బేరం బ్యాంకు ఆఫీసరుతో కూడా చేయలేదు.

సోమవారం కబురు తెలిశాక నాకు పట్టుకున్న భయం వేరే. అమ్మ ఈమధ్య మళ్ళీ నీరసంగా ఉంటోంది. పోయిన శుక్రవారం బట్టలు కట్టుకోవడానికి గంట పట్టించింది. బండి బాగుచేసిన మనిషే పోయాడని తెలిస్తే ఏమంటుందో, మిషను ఎక్కననే ఆ పాత ధర మళ్ళీ బయటికి తీస్తుందేమోనని, చెప్పకూడదనుకున్నాను.

మంగళవారం పొద్దున ఆదోనిలోకి అడుగుపెడుతుంటే ఆమె కిటికీలోంచి చూసింది. ఆ షెడ్డు ముందు నుంచి పోతే ఆయన చెయ్యెత్తడం, ఈమె చెయ్యెత్తడం అలవాటు. శుక్రవారం దారంతా కళ్ళు మూసుకునే వచ్చింది కాబట్టి అప్పుడు చూడలేదు.

"షెట్టరు దించినాడేమిరా?"

"పెండ్లికి పోయినాడేమోమ్మా."

"ఆషాఢంలో పెండ్లేమిరా?"

వ్యాపారస్థుల ఇంట్లో పుట్టి ఇంత నాసిరకం అబద్ధం చెప్పినందుకు సిగ్గేసింది. బండి పక్కకు తీసి నిజం చెప్పాను. ఒక నిజం బయటికి వచ్చాక రెండోది కూడా దాని వెంటే వచ్చేసింది. "అమ్మా, ఆ రోజుల్లో బండి ఆగింది నా మూటల వల్ల. ఆయన నీకు చెప్పలేదు."

"నాకు తెలుసు."

"ఆయన చెప్పినాడా?"

"ఆయనెందుకు చెప్తాడు. మూటలు లేని పొద్దు బండి ఆగలేదు. బోను కట్టింది మూటలు పెట్టేచోట. నేనూ అంగట్లో ముప్పై ఏండ్లు కూచున్నదాన్నే." షెడ్డు వైపు చూసి, "ఆపినావు కదా, తలుపు తియ్యి" అంది.

దిగింది. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. షెట్టరు ముందు నిలబడింది. పంక్చర్ల ఆయన స్టూలు తెచ్చి వేశాడు, కూచోలేదు. ఎంతసేపు నిలబడిందో నేను గడియారం చూడలేదు. లోపల వాదనలు సిద్ధం చేసుకుంటున్నాను. ఇంటికి పోదామంటే ఏమనాలి, ఇంక చాలంటే ఏమనాలి, కనీసం ఈ నెల దాకా అని అడగనా, పండగ దాకా అననా. ఒక్క మాటా పనికొచ్చేలా లేదు.

ఆమె వచ్చి వెనక సీట్లో కూచుంది. కట్టు వేసే చెయ్యిని ఒళ్ళో సర్దుకుంది.

"ఇంకా నిలబడినావేమిరా, పద. పది దాటితే మన మిషను ఇంకొకరికి ఇచ్చేస్తారు."